తాత కోసిన తీర్మానాల పుస్తకం

ఊళ్ళో పుస్తకాలకు అట్టలు వేసేది ఆమె ఒక్కతే కాబట్టి అందరికీ ఆమె అట్టలమ్మే. చేతిలో సూది ఆగినా నోట్లో ప్రశ్న ఆగని మనిషి. చిన్నప్పటినుంచీ ఆమెను తొలిచేసేది ఒకటే: ఒకే వీధిలో, ఎదురెదురుగా, రెండు చర్చిలెందుకు?

అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. బాప్తిస్మం దగ్గర తేడా వచ్చిందని పెద్ద చర్చి పాస్టరుగారు అన్నారు. పెద్ద చర్చిలో నీళ్ళు చిలకరిస్తారు, చిన్న చర్చిలో తొట్టిలో ముంచుతారు. పాటల్లో చప్పట్లు కొట్టనివ్వలేదనే విడిపోయామని చిన్న చర్చి పెద్ద అన్నాడు. నాన్నయితే "నోరు మూసుకుని దారం పట్టుకో" అనేవాడు.

అక్క చిన్న చర్చి వాళ్ళింటికి కోడలిగా వెళ్ళింది. అక్కడ ఆమెను తొట్టిలో ముంచి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు. "మేమిప్పించింది బాప్తిస్మం కాదా?" అని నాన్న మండిపడి, మళ్ళీ నా గడప తొక్కొద్దన్నాడు. ఆయన పోయిననాడు కూడా అక్క గేటు బయటే నిలబడి ఏడ్చి వెళ్ళిపోయింది. అట్టలమ్మకు అది ఇప్పటికీ గుండెలో ముల్లే. అక్కను తనకు కాకుండా చేసిన ఆ తగువేమిటో ఒక్కసారి తెలిస్తే చాలనుకునేది.

ఈ వానలకు చెమ్మెక్కి రెండు చర్చిల పాత తీర్మానాల పుస్తకాలూ ఆమె బల్లమీదికి వచ్చాయి. ఇటు పెద్దా అటు పెద్దా విడివిడిగా వచ్చి, "వాళ్ళ పుస్తకం పక్కన పెట్టకమ్మా" అని ఒకే మాట చెప్పి వెళ్ళారు. అంత చెప్పాక ఊరుకుంటుందా? వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో పక్కపక్కన పెట్టేసింది.

సూది బెజ్జాలు సరిగ్గా కలిశాయి. రెండూ ఒకే పుస్తకం! ఆ కోత, తనకన్నా ముందు ఇదే బల్లమీద అట్టలు వేసిన తాతదేనని చూడగానే తెలిసింది. రాసిన సగం పెద్ద చర్చికి, ఖాళీ సగం కొత్తగా పుట్టిన చిన్న చర్చికి ఇమ్మని అప్పటి పెద్దలు చెప్పి ఉంటారు. కుట్టు చెడకుండా మడత చూసుకుని కోశాడు మహానుభావుడు, అక్కడేం రాసుందో మాత్రం చూసుకోలేదు.

మొదటి సగంలో ఆఖరి పంక్తి: "ఇకమీదట సంఘము రెండుగా, వేర్వేరు చోట్ల ఆరాధించవలెనని".

రెండో సగంలో మొదటి పంక్తి: "మందిరపు పైకప్పు బాగుచేయించువరకు మాత్రమే తీర్మానించడమైనది."

అట్టలమ్మకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. తొట్టీ, చప్పట్లూ అన్నీ ఆ తరవాత పుట్టుకొచ్చినవేనన్నమాట. అక్కకు ఫోను చేసి, "కొట్టుకి రా అక్కా, నువ్వు చదవాల్సింది ఒకటుంది" అంది.

అక్క వచ్చింది. నిలబడే రెండుసార్లు చదివింది.

"మరి కప్పు బాగయిందా?"

"మనం పుట్టకముందే."

అక్క "నాన్న ఇది చూసుంటే బావుండేదే" అని కళ్ళు తుడుచుకుని, పీట లాక్కుని, చిన్నప్పటిలా దారం కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి రెండు సగాలనూ ఒకే పుస్తకంగా కుట్టేశారు.

"పెద్దలు తిడతారేమోనే?" అంది అక్క.

"తిట్టనీ. పుస్తకం కావాలంటే ఇద్దరూ ఒకచోటికి రావాలిగా!"