ముస్తాబైన వీరప్ప

పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి నిలబడితే ఫోను టింగుమంది. ఈ మధ్య దానికి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఎవరూ అడక్కుండానే పాత ఫోటో ఒకటి బయటికి లాగి, దానికి ఏదో మెత్తటి సంగీతం తగిలించి, గుర్తుందా అన్నట్టు ముందు పెడుతుంది. మామూలుగా ఎవరిదో పెళ్ళిలో విస్తరాకో, బిల్లు కోసం తీసుకున్న కరెంటు మీటరో చూపించి నా టైము తినేస్తుంది. ఇవాళ మాత్రం గూళూరు దగ్గరి ఒక చేనును చూపించింది. నడుమ నిలువెత్తు రాయి, దాని ఒంటినిండా రంగులు, పక్కన నోరారా నవ్వుతున్న ఒక అవ్వ, వెనకాల ఆమె ఇంటిల్లిపాదీ. మా చిన్నాయన తన పెద్ద కెమెరాతో తీసిన ఫోటో అది. తర్వాత నేను నా ఫోనులోకి ఎక్కించుకున్నాను. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా నాకు కాలు కదల్లేదు.

చిన్నాయన అంటే మా నాన్నకు తమ్ముడు. ఇక్కడే కర్ణాటక చింతామణిలో, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. మా పెద్దలంతా గుడి పూజలు చేసుకుని బతికినవాళ్ళు. ఈయన మాత్రం హైస్కూల్లో కన్నడ మేష్ట్రు అయ్యాడు. రిటైరైన ఏడాది ఫ్రిజ్ వస్తుందని చిన్నమ్మ వంటింట్లో చోటు సర్దిపెట్టుకుంటే, ఆయన కెమెరా పట్టుకుని వచ్చాడు. ఆ చోటు చాలాకాలం ఖాళీగానే ఉండి చిన్నమ్మ తరఫున వాదించింది. ఆదివారం వస్తే చాలు, బస్సు పోని ఊరేదో వెతుక్కుని బయల్దేరేవాడు. కెంచార్లహళ్ళి వైపు చేలల్లో కూలిపోయిన మంటపం, తొండేభావి అవతల గుట్ట మీద ఎవరో సగం చెక్కి వదిలేసిన నంది, ఇలాంటివే ఆయనకు కావాలి. చిక్కబళ్ళాపురం పక్కనే నంది కొండ ఉంది, బెంగళూరు జనమంతా తెల్లారేసరికి అక్కడే ఉంటారు, నువ్వూ పోరాదా అంటే, "అంతమంది చూస్తాండారు కదా, దానికి నేను చూడకపోతే ఏం తక్కువ?" అనేవాడు. ఆయన ఫోటోల్లో మనుషులు ఉండకూడదు. మనిషి వస్తే కన్ను మనిషి మీదికే పోతుందట, రాయిని ఎవరూ చూడరట. "నేనూ రాయినై ఉంటే బాగుండు, ఒక ఫోటో అన్నా ఉండేది" అని చిన్నమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఆయన స్కూటరు వెనక నేను కూర్చునే రోజులు పోయి, నా వెనక ఆయన కూర్చునే రోజులు ఎలా వచ్చాయో చెప్పాలి. ఒకసారి బాగేపల్లి రోడ్డులో పక్కనుంచి వచ్చిన ట్రాక్టరు ఆయనకు కనిపించనే లేదు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది కానీ పక్కలు చీకటి. చిక్కబళ్ళాపురంలో కంటి డాక్టరు చూసి, లోపలి నరం ఎండిపోతోందని, పోయిన చూపు మళ్ళీ రాదని, మిగిలింది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేమని అన్నాడు. చిన్నమ్మ స్కూటరు తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తాలూకు కచేరిలో పనిచేసేదాన్ని, ఆదివారం ఒక్కటే నాకు సెలవు. నాకు రాళ్ళంటే ఆసక్తి లేదు, సహనం అసలే లేదు. అయినా తాళం తీసుకున్నాను. ఆయన ఆ రోజు నుంచి కొంచెం తొందరపడేవాడు, ఆ తొందర చూస్తే నాకు భయమేసేది.

గూళూరు దాటాక ఎండిపోయిన బోరు పక్కన ఒక చేనిలో ఆ రాయి దొరికింది. దొరికింది అంటున్నాను కానీ అది ఎక్కడికీ పోలేదు, మేమే దారి తప్పాం. పాతకాలంలో పోట్లాటలో చచ్చినవాళ్ళకు నిలబెట్టే వీరగల్లు అది. కింద గుర్రం మీద కత్తి దూసిన మనిషి, మధ్యలో ఆయన్ను రెండు చేతులా పట్టి పైకి తీసుకుపోతున్న దేవకన్యలు, పైన లింగం ముందు కూర్చున్న అదే మనిషి. ఈ బొమ్మల నడుమ అడ్డంగా ఉన్న పట్టీల మీద అక్షరాలు. చేను గలవాళ్ళకు అది వీరప్ప స్వామి. ఏడాదికోసారి కడిగి, పసుపు పూసి, టెంకాయ కొడతారు. ఆయన ఎవరో, ఎందుకు చచ్చాడో ఎవరికీ తెలియదు. చిన్నాయన కళ్ళు మూసుకుని ఆ పట్టీ మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. "మా... మా అని తగులుతాండాది. ఈయన పేరు ఈడ రాసుండాది. ఇన్నేండ్లుగా ఎవరూ ఈయన్ను పేరు పెట్టి పిలవనే ల్యా" అన్నాడు. మారయ్యో, మాచయ్యో, మాదన్నో. మిగిలిన అక్షరాలు అరిగిపోయి వేలికి అందలేదు.

అప్పుడు సరిగ్గా మిట్టమధ్యాహ్నం. నెత్తిన ఎండ పడితే అరిగిన అక్షరం రాతిలో కలిసిపోతుంది. పొద్దు అడ్డంగా కొట్టాలి, అప్పుడే ప్రతి గీతకూ నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. అలాంటి ఫోటో ఒకటి దొరికితే కంప్యూటరులో పెద్దది చేసుకుని, చూపు ఉండగానే కూడబలుక్కుని చదవవచ్చని ఆయన ఆశ. సాయంత్రం దాకా ఉందామన్నాడు. చేను గలాయన తల్లి, ఫోటోలోని ఈ అవ్వే, మాకు రాగి సంగటి, అలసందల పులుసు పెట్టింది. మేం తిని చెయ్యి కడుక్కునేలోపు మబ్బు పట్టింది, ఇక పొద్దు మొహం చూపించలేదు. ఆ రోజు తీసిన ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఎంత పెద్దది చేసినా గరుకు రాయి తప్ప అక్షరం కనిపించదు. మళ్ళీ వస్తామని చెప్పి, ఫోను నంబరు ఇచ్చి బయల్దేరాం.

మళ్ళీ అనుకున్నది వెంటనే కుదరలేదు. మిగిలిన చూపన్నా నిలవాలని డాక్టరు కంటికి ఆపరేషను చేసి, దుమ్ములోకి పోవద్దన్నాడు. నెలలు గడిచాయి. ఆ నెలల్లో చిన్నాయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ఒక చేతి వేలితో రెండో అరచేతిలో 'మా' రాసుకుంటూ ఉండేవాడు. తర్వాత గొంతు తగ్గించి, వాకిట్లో ఎవరినో పిలిచినట్టు, "మారయ్యా" అనేవాడు. కాసేపాగి "మాచయ్యా" అనేవాడు. "ఎవరా మాచయ్య? కొత్త పాలాయనా?" అని చిన్నమ్మ లోపల్నుంచి అడిగేది. నడుమ ఒకసారి అవ్వ ఫోను చేసింది. "ఫోటో అప్పా, ఎప్పుడొస్తారు?" అంటే ఈయన సంబరపడిపోయి, "వస్తామమ్మా, రెడీగా ఉండండి" అన్నాడు. అందరూ అనే మాటే. చుట్టాలింటికి పోయేటప్పుడు మనం అనమా?

డాక్టరు సరే అన్న వారమే, ఇంకా వెలుగు రాకముందే బయల్దేరాం. ఆ రోజు మబ్బు తునక లేదు. పొద్దు గుట్ట అంచున ఎక్కి, చేను మీద అడ్డంగా, ఎంత బాగా పడిందంటే, రాళ్ళంటే ఇష్టం లేని నాకే కెమెరా లాక్కుని తీయాలనిపించింది. అవ్వ గట్టు మీద నిలబడి చెయ్యి ఊపింది. ఆమె వెనక వీరప్ప మెరుస్తున్నాడు. గుర్రానికి వెండి రంగు, కత్తికి బంగారు రంగు, వీరప్పకు ఎర్ర తలపాగా, మెలితిప్పిన నల్ల మీసం. దేవకన్యలకు గులాబీ రంగు చీరలు, నుదుట బొట్లు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత బొమ్మల నడుమ పట్టీల మీదికి చూపు పోయింది.

అవ్వ సంబరంగా చెప్పుకుపోయింది. "పోయినసారి మీరొచ్చినప్పుడు స్వామి ఉట్టి మొగంతో నిలబడినాడు. మాకు శానా సిగ్గయిపోయిందప్పా. ఫోటోకు ఎవరన్నా అట్ల నిలబడతారా? ఈడ చూడు, ఈ పట్టీల మీద అమ్మవారు పోసినట్ల గుంతలు గుంతలుగా ఉండె. సిమెంటు పెట్టి సాపు చేపిచ్చినాము. ఇప్పుడు ఒక్క మచ్చ ల్యా."

ఆ ఇంట్లోనే కాదు, మా వైపు ఎవరింట్లోనైనా ఫోటో అంటే తల దువ్వాలి, పౌడరు పూయాలి, ఉన్న నగ పెట్టుకోవాలి. మా అమ్మ ఆధారు కార్డు ఫోటోకు కూడా పూలు పెట్టుకుని పోయింది. ఆ మర్యాదే వీళ్ళు వీరప్పకు చేశారు. చిన్నాయన రాయి దగ్గరికి పోయి, పట్టీ మీద వేలు పెట్టి మునుపటిలాగే జరిపాడు. వేలు ఎక్కడా ఆగకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి జారిపోయింది. మళ్ళీ జరిపాడు. నేను నోరు తెరిచాను, నా నోరు తెరిస్తే ఏమొస్తుందో ఆయనకు తెలుసు కాబట్టి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "శానా బాగా చేసినారమ్మా" అన్నాడు అవ్వతో. "మీరూ నిలబడండి, అందరూ. తీస్తాను."

అంతే, అందరూ ఇంట్లోకి పరిగెత్తారు. తలలు దువ్వి, పౌడర్లు పూసి, బీరువాలో చీరలు తీసి కట్టుకుని వచ్చేసరికి ఆ బంగారం లాంటి పొద్దు పైకెక్కిపోయింది. ఆయన తొందరపెట్టలేదు. ఇక తొందర దేనికి? ఒక్కొక్కరినీ ఓపిగ్గా సర్ది నిలబెట్టి, తన జీవితంలో మొదటిసారి మనుషుల ఫోటో తీశాడు.

తిరుగుదారిలో బాగేపల్లిలో టీ కోసం ఆగాం. నేను ఆపుకోలేకపోయాను. గోకిస్తే రాదా, ఎవరికైనా చెబితే తీసేయరా, నువ్వెందుకు నోరు మూసుకున్నావు అని అరిచాను. ఆయన గ్లాసు వైపు చూస్తూ, "గోకితే సిమెంటుతో పాటు ఆ పెళుసు అక్షరాలూ రాలిపోతాయి. పసుపునీళ్ళు పోసి పూజ చేసేసినారు కూడా. వాళ్ళకు అది దేవుడు. నేను రెడీగా ఉండండి అంటిని, ఉండారు. ఎవరిని తిట్టేది?" అన్నాడు. నాకు తిట్టడానికి నిజంగానే ఎవరూ దొరకలేదు. టీకొట్టు ముందు నిలబడి, అంత వయసొచ్చినదాన్ని, ఏడ్చాను.

ఫోటో చూసి చిన్నమ్మ, "నాకంటే ముందు యాడి అవ్వకో తీస్తివే" అని ఒక రోజంతా మాట్లాడలేదు. మర్నాడు ఆయన ఆమెను మల్లెతీగ కింద కూర్చోబెట్టి తీశాడు. తీయించుకోవడానికి ఆమె కూడా పౌడరు పూసుకుంది. కెమెరా ఆయన ఆఖరిగా పట్టుకున్నది అప్పుడే.

ఇవాళ పొయ్యి తుడిచి, ఫోను తీసుకుని వాళ్ళింటికి పోయాను. చిన్నాయనకు ఇప్పుడు వెలుగు వచ్చిందీ పోయిందీ మాత్రం తెలుస్తుంది. వీరప్ప ఫోటో వచ్చిందంటే, "అవ్వ నగుతాండాదా?" అని అడిగాడు. నవ్వుతోంది అన్నాను. "పొద్దు ఎట్ల పడిండాది?" అన్నాడు. నెత్తిన పడింది అన్నాను. అంతలో చిన్నమ్మ గుర్తు చేసుకుని, మొన్న అవ్వ ఫోను చేసిందని చెప్పింది. ఈసారి జాతరకు వీరప్పకు ఇంకో కోటింగు రంగు వేయించారట, ఫోటోకు రమ్మందట. చిన్నాయన చేతి వేలు కుర్చీ చేతి మీద ఏదో రాస్తున్నట్టు మెల్లగా కదులుతోంది. కాలం అన్నిటినీ చెరిపేస్తుందని అందరికీ తెలుసు. మా వీరప్పను మాత్రం అది కడిగి, పౌడరు పూసి, బొట్టు పెట్టి, ఎంతో ప్రేమగా చెరిపింది.