భారతి మానేసిన కాఫీ

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డిలో మా గల్లీ తంబాకు వాసనతోనే నిద్ర లేచేది. ప్రతి అరుగు మీదా బీడీల చాట ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు... కత్తెరతో తునికాకు కోస్తున్న చప్పుడు... లోపల పొయ్యి మీద చాయ్. మాకు తెలిసింది ఆ చాయ్ ఒక్కటే.

ఎనభైల్లో, నేను ఏడో తరగతిలో ఉండగా, గల్లీలోకి ఇంకో వాసన వచ్చి చేరింది. ఎదురింట్లో కిరాయికి దిగిన భారతి వాళ్ళది. వాళ్ళ నాన్నది సర్కారు కొలువు, తెనాలి వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. పొద్దున్నే వాళ్ళమ్మ ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దింపి, పాలు కలిపి గ్లాసు నిండా ఇచ్చేది. భారతి గడప మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఊదుకుంటూ ఊదుకుంటూ తాగేది... నేను మా అరుగు మీద పళ్ళు తోముకుంటూ చూసేదాన్ని. కడుపు మండిపోయేది.

అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. ఆ పిల్ల వచ్చేదాకా క్లాసులో ఫస్టు నంబరు నాది. వచ్చిన మూడు నెలలకే ఆమెదైపోయింది.

ఒకరోజు ఉండబట్టలేక వాళ్ళమ్మనే అడిగాను... "భారతి గంత మంచిగ ఎట్ల సదువుతది?" అని. ఆవిడ నవ్వేసి, "పొద్దున్నే కాఫీ పడితే బుర్ర చురుగ్గా ఉంటుందమ్మాయ్" అంది. ఇంకేం... ఆ ఫస్టు నంబరంతా కాఫీ పుణ్యమేనని నా మనసులో ఖాయమైపోయింది.

ఇంట్లో ఏడ్చి రభస చేశాను. మా ఊళ్ళో కాఫీ పొడి ఎక్కడ దొరుకుతుంది? బాపు కామారెడ్డి పోయినప్పుడు ఒక పొట్లం తెచ్చాడు. మా అవ్వకు... అంటే అమ్మకే, మేం అట్లా పిలిచేవాళ్ళం... కాఫీ చేయడం ఏం తెలుసు? చాయ్‌పత్తా వేసినట్టే గుప్పెడు పొడి గిన్నెలో పోసింది. అల్లం దంచి వేసింది. మూడు పొంగులు వచ్చేదాకా మరగబెట్టి, గుడ్డతో వడబోసింది. బాపు ఒక్క గుక్క తాగి ఉమ్మడానికి వాకిట్లోకి ఉరికాడు.

అవ్వ కూడా నోట్లో పోసుకుని మొహం ముడుచుకుంది. "ఓ పిల్లా, గీ మాడిపోయిన చింతగింజల కషాయానికా నువ్వు గంత ఏడ్సింది? గిది తాగితే గర్మి అయితది. ఒంట్ల నెత్తురు ఎండిపోతది. మన చాయే నయం పో" అని పొట్లం తీసుకెళ్ళి పెంటకుప్పలో పారేసింది.

అట్లా నాకు కాఫీ దక్కలేదు. నాకు లేనిది ఆ పిల్లకు మాత్రం ఎందుకుండాలి అనిపించింది... అవును, సరిగ్గా ఇట్లానే అనిపించింది.

పరీక్షలు రెండు రోజులున్నాయనగా, బడి నుంచి వస్తూ భారతి చెవిలో ఊదాను. "ఒక ముచ్చట చెప్త, ఎవ్వలకు చెప్పకు. కాఫీ తాగితే నెత్తురు ఎండిపోతదట. సదివింది సుత యాదికుండదట. లింగంపేటల మా మేనత్త బిడ్డకు గట్లనే అయింది. పరీక్షల తన పేరు సుత రాయలేకపోయింది."

లింగంపేటలో నాకసలు మేనత్తే లేదు.

"నిజంగానా?" అంది భారతి, మొహం పాలిపోయి. "నీ మీద ఒట్టు" అన్నాను.

మర్నాటి నుంచి ఆమె కాఫీ ముట్టలేదు. వాళ్ళమ్మ బతిమాలడం మా అరుగు దాకా వినిపించేది. తెలుగు పరీక్షకు నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని వచ్చింది... తల పగిలిపోతోందంది. ఆ మర్నాడు లెక్కల పరీక్షలో సగంలోనే బల్ల మీద తల వాల్చేసింది. నేను చూస్తూనే గబగబా రాసుకుంటున్నాను. పాపం అనిపించలేదు. సంతోషమేసింది, దాచడమెందుకు.

బయటికొచ్చాక ఆ పిల్లే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళు తాగిన కాఫీ చెడంతా ఇప్పుడు బయటపడుతోంది కాబోలు. నువ్వు చెప్పకపోతే ఇంకా తాగుతూనే ఉండేదాన్ని. నాకెంత మంచి చేశావే" అంది.

ఫస్టు నంబరు నాకే వచ్చింది. ఆ ఎండాకాలంలోనే వాళ్ళ నాన్నకు మళ్ళీ బదిలీ అయి వెళ్ళిపోయారు.

పెద్దయ్యాక టీచరు ఉద్యోగంలో చేరి నేనూ కాఫీకి అలవాటు పడ్డాను. పరగడుపున ఒకటి, బళ్ళో ఒకటి, పొద్దుగూకాక ఒకటి... నిద్ర తగ్గింది, ఛాతీలో మంట మొదలైంది. విసుగొచ్చి ఒక్కసారే మానేశాను. రెండో రోజుకు తల ఎత్తలేనంత నొప్పి. కామారెడ్డిలో డాక్టరమ్మ దగ్గరికి పోతే నవ్వింది.

"కాఫీ మంచిదేనమ్మా, పాణం హుషారుగుంటది. ఏదన్న తిన్నంకనే తాగు, రోజుకు రెండు సార్లు చాలు. పొద్దుగూకితే ముట్టకు, నిద్ర రాదు. రోజు తాగెటోళ్ళు ఒక్కపారే బందు పెడితే మాత్రం తలకాయ నొస్తది. మెల్లమెల్లగ తగ్గించాలె."

ఆమె ఇంకేదో చెబుతూనే ఉంది... నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. భారతికి ఆ తలనొప్పి కాఫీ తాగినందుకు రాలేదు. నా మాట నమ్మి మానేసినందుకు వచ్చింది. కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఏడ్చాను. నొప్పి ఎక్కువైందనుకుని డాక్టరమ్మ గోలీ రాసిచ్చింది.

ఇప్పుడు కామారెడ్డిలో ఏ మూల చూసినా కాఫీ దొరుకుతుంది. మా బడి పిల్లలకు అదొక వింతే కాదు... కుళ్ళుకోవడానికి వాళ్ళకు వేరేవి ఉన్నాయి లెండి.

భారతి ఎక్కడుందో తెలియదు. నాకంటే పెద్ద కొలువే చేస్తూ ఉంటుంది... ఆ మాట తలచుకుంటే, సిగ్గులేని మనసు, ఇప్పటికీ కాస్త చురుక్కుమంటుంది. మీలో ఎవరైనా చిన్నప్పుడు ఇట్లా ఒకరి మీద ఏడ్చి ఏదైనా చేసి ఉంటే కింద రాయండి, నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది. భారతిని ఎరిగినవాళ్ళుంటే ఈ పోస్టు ఆమెకు చూపించండి. తిట్టినా సరే, శాపం పెట్టినా సరే... నేను మంచి చేశానన్న ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోమనండి.