కబడ్డీలో సమాజం ఎక్కడుందన్నారు

"కబడ్డీలో సమాజం ఎక్కడుందమ్మా?" అని అడిగారు మా ప్రొఫెసర్. నేను సమాజశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరిన కొత్త. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై ఎంతోకాలం కాలేదు. మాది ఆ పక్క ఊరే, వ్యవసాయ కుటుంబం. మా ఊరి కబడ్డీ జట్టు మీద పరిశోధన చేస్తాననీ, ఎవరు ఆడతారో, ఎవరిని ఆడనివ్వరో, ఆడినవాళ్ళు ఆట అయ్యాక ఎవరితో కలుస్తారో రాస్తాననీ చెప్పాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆటల మీదైతే వ్యాయామవిద్య విభాగానికి వెళ్ళమన్నారు. వెళ్ళాను. ఆటగాళ్ళ నాడి ఎంత వేగంగా కొట్టుకుంటుందో కొలుస్తావా, ఎంత దూరం దూకుతారో కొలుస్తావా అని అడిగారు అక్కడివాళ్ళు. కాదు, వాళ్ళు ఎవరింట్లో నీళ్ళు తాగుతారో చూస్తానన్నాను. అయితే ఇది మీ సమాజశాస్త్రమే, అక్కడికే పొమ్మన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు! క్రీడల సమాజశాస్త్రం అని ఒక చదువే ఉందయ్యా, వేరే దేశాల్లో దానికి వేరే పత్రికలే ఉన్నాయి, మన గ్రంథాలయంలో ఆ పుస్తకాల దుమ్ము దులిపింది నేనే అని మొత్తుకున్నా వినేదెవరు? చివరికి మా ప్రొఫెసరే దయతలిచి ఒక దారి చూపించారు. విమానాశ్రయానికి భూములిచ్చిన రైతుల మీద రాస్తానంటే టాపిక్కులు ఖాయం చేసే కమిటీ వెంటనే ఒప్పుకుంటుందట. అప్పటికే మా ఊళ్ళకు ప్రశ్నలు పట్టుకొని ఎందరొచ్చి పోయారో! మా భూమి పోతే అది పరిశోధన, మేం ఆడితే అది కాలక్షేపం.

ఆ దసరాకు మా ఊళ్ళో పోటీలు పెట్టారు. గెలిచిన జట్టుకు పొట్టేలు బహుమతి. మా అన్న ఆ జట్టులో ఆడేవాడు. నాయకుడు మాత్రం ఊరవతలి వాడకు చెందిన మనిషి. అతను కూతకు వెళ్ళాడంటే అవతలివాళ్ళకు చెమటలు పట్టాల్సిందే. ఫైనల్లో కొత్వాల్‌గూడ జట్టు మీద ఆఖరి పాయింటు తెచ్చిందీ అతనే. మా అన్న అతన్ని భుజాల మీదికి ఎక్కించుకొని మైదానమంతా తిప్పాడు. చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు ఎర్రబడ్డాయి.

తర్వాత పొట్టేలును కోసి, మా ఇంటి వెనకే పొయ్యి వెలిగించారు. జట్టంతా కలిసి తింటారనుకున్నాను. మా అన్న ఒక వాటా పక్కకు తీసి, మోదుగాకుల్లో చుట్టి, ఆ పచ్చిమాంసం నాయకుడి చేతిలో పెట్టాడు. అతను తీసుకొని, చిన్నగా నవ్వి, తన వాడవైపు నడిచాడు. ఎప్పటినుంచో ఇదే పద్ధతట. ఎన్ని పొట్టేళ్ళు గెలిపించినా అతని వాటా పచ్చిదే. వండుకోవడం అక్కడే, తినడం అక్కడే.

అన్నను నిలదీశాను. భుజాల మీద మోసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది అన్నాను.

"ఆట ఆటనే చెల్లె, ఊరు ఊరే. రెండు గల్పకు," అన్నాడు, గంటె తిప్పుతూనే.

ఆ కూర నేను ముట్టలేదు. మర్నాడు వాడకు వెళ్ళి, ఇదంతా రాస్తే నీకేమైనా ఇబ్బందా అని నాయకుణ్ణి అడిగాను.

"ఆటల నా చెయ్యి ఇడువరు. బువ్వ కాడ నా పక్కన కూసోరు. గిది గిట్లెందుకో నువ్వన్న రాయి అక్కా," అన్నాడు.

ఇగ టాపిక్ వదిలే ప్రశ్నే లేదనుకున్నాను. ఆరాంఘర్ మీదుగా కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్ళి, కమిటీ ముందు పొట్టేలు సంగతంతా చెప్పాను. ఒకాయన శ్రద్ధగా విని, బాగుంది కానీ కబడ్డీ తీసేసి కులమూ భోజనమూ మీద రాయమన్నారు. కబడ్డీ తీసేస్తే ఇంకేం మిగిలింది నా బొంద! చెయ్యీ చెయ్యీ పట్టుకొని నిలబడ్డవాళ్ళే కదా విడివిడిగా తింటున్నది! మా ప్రొఫెసర్‌ది మళ్ళీ పాత పాటే. పల్లెల్లో అలాగే ఉంటుంది, మధ్యలో ఆటేం చేసిందన్నారు.

నా ఓపిక చచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే మా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులూ అటెండర్లూ కలిసి జట్లు కట్టి క్రికెట్ ఆడారు. మా ప్రొఫెసర్ జట్టును గెలిపించింది మా విభాగం అటెండరే. ఆ సంగతి ఎత్తాను.

"సర్, గెలిచాక మీరు హాల్లో బల్లల దగ్గర కూర్చొని తిన్నారు. మీ జట్టులోని అటెండర్లకు పొట్లాలిచ్చి బయట తినమన్నారు. ఎందుకు సర్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అది వేరమ్మా," అన్నారు మా ప్రొఫెసర్. "సరదాకి ఆడుకున్న ఆట అది. అందులోకి సమాజాన్ని ఎందుకు లాగుతావు?"

"నా టాపిక్ అదే సర్," అన్నాను.

ముందు పెద్దవాళ్ళతో మాట్లాడే మర్యాద నేర్చుకొని రమ్మని పంపేశారు. నేను మర్యాదా నేర్చుకోలేదు, టాపిక్కూ మార్చలేదు. కమిటీ కూర్చున్నప్పుడల్లా అదే పట్టుకొని వెళ్ళాను. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. పరిశోధన పల్లె కబడ్డీ వరకే ఉండాలి, విశ్వవిద్యాలయంలో ఆడే ఆటల ఊసు ఎక్కడా రాకూడదు. మా అన్న పొయ్యి దగ్గర కూర్చొని ఎన్ని పేజీలైనా రాసుకోవచ్చట. వాళ్ళ భోజనాల హాలు మాత్రం సమాజం కిందికి రాదట.