ఇంజను దొర పక్కన అమ్మ

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా కుర్ర పాస్టరుగారు ప్రకటనలు చదువుతూ, పిక్నిక్కు బస్సు ఎన్ని గంటలకో చెప్పినంత తేలిగ్గా, మన సమాధుల తోట నిండిపోయిందనీ, ఇకమీదట అందులో కొత్తగా ఎవరికీ చోటు లేదనీ, దహనం చేసుకున్నవాళ్ళకూ సంఘం తరఫున ప్రార్థన, గంట అన్నీ యథావిధిగా ఉంటాయనీ, బూడిదైనా మట్టైనా లేపే దేవుడికి ఒకటేననీ చెప్పి, వెంటనే ఈస్టరు పాటల ప్రాక్టీసు సంగతికి వెళ్ళిపోయారు. కొందరు తలలూపారు. నా పక్కన మనవరాలు ఫోను చూసుకుంటోంది. నా చేతిలోంచి మాత్రం పాటల పుస్తకం జారి కింద పడింది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, బీపీ ఉంది, అదే అనుకున్నారు అందరూ, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. తాగాను.

మన కాలంలో ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఆరేసిన తెల్లబట్టల మీద బొగ్గు నుసి, షెడ్డు సైరనుకు నిద్రలేచే ఇళ్ళు, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి వరసగా క్వార్టర్లలో కాపురాలు పెట్టిన మనవాళ్ళు, గుమ్మం లోపల ‘ఏటి’, గుమ్మం దాటితే ‘అచ్ఛా’. మా నాన్నది యార్డులో షంటింగు పని, అంటే వ్యాగన్ల మధ్యకు దూరి వాటిని ఒకదానికొకటి తగిలించే పని. పక్క వరసలో మా పెదనాన్న ఉండేవాడు, షెడ్డులో ఫిట్టరు. ఒకే టిఫిను డబ్బాలోంచి తినే అన్నదమ్ములు, ఒక్క విషయంలో తప్ప ఏనాడూ మాటా మాటా అనుకోలేదు. ఆ ఒక్కటీ నాన్న తీసుకున్న బాప్తిస్మం.

గోధుమలకో, పాలపొడికో ఆశపడి మతం మారాడని కాలనీలో అనుకున్నారు. కుండ మూతికి మూకుడుంది గాని లోకం నోటికి లేదు కదా. అసలు సంగతి నాకు అమ్మ చెప్పింది. ఆ రోజుల్లో యార్డులో మనిషి పోతే చాలాసార్లు మొత్తం మనిషి దొరికేవాడు కాదు. అలా పోయిన ఒక క్రైస్తవ స్నేహితుడి భూస్థాపనకు వెళ్ళిన నాన్న, అప్పటి ముసలి పాస్టరుగారిని పక్కకు పిలిచి, కాలు లేకుండా పూడ్చిన ఈ మనిషి, చచ్చినవాళ్ళంతా లేచే ఆ రోజున ఎలా లేస్తాడని అడిగాడట. ఆయన నవ్వకుండా, క్రీస్తు సమాధిలోంచి లేచినప్పుడు గాయాల గుర్తులు అలాగే ఉన్నాయి గాని లేచినవాడు మాత్రం పూర్తిగా లేచాడు, నీ స్నేహితుడూ పూర్తిగానే లేస్తాడు, అది అబద్ధమైతే నేను చెప్పేవన్నీ అబద్ధాలే అన్నారట. ‘పూర్తిగా’ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నాన్న నెల తిరక్కుండా బాప్తిస్మం తీసుకున్నాడు, అమ్మ కూడా తీసుకునేలా చేశాడు. రోజూ వ్యాగన్ల బఫర్ల మధ్యకు వెళ్ళే మనిషికి అంతకంటే పెద్ద మాట ఇంకేముంటుందో నాకు ఈనాటికీ తోచదు.

నాకు పదేళ్ళప్పుడు, మండువేసవిలో, అమ్మ మా పిన్ని పురుడు పోయడానికి కర్గీ రోడ్ అనే ఊరు వెళ్ళిన వారంలో, నాన్న రెండు వ్యాగన్ల మధ్య నలిగిపోయాడు. అమ్మకు కబురు మర్నాటికి గాని చేరలేదు. ఆమె ప్యాసింజరు దిగేసరికి అంతా అయిపోయింది. పెదనాన్న పాస్టరుగారికి చెప్పలేదు, సంఘంలో ఎవరికీ చెప్పలేదు, తమ్ముడు మా ఇంట్లో పుట్టాడు మా ఇంటివాడిలాగే పోతాడని నలుగురిని కూడగట్టి అర్పా ఒడ్డున దహనం చేసి, బూడిద ఆ నదిలోనే కలిపేశాడు. ప్లాట్‌ఫారం మీదే అమ్మను ఆపి, నువ్వొచ్చేదాకా ఉంచడానికి ఈ ఎండ ఊరుకోలేదమ్మా అని భోరున ఏడ్చాడు. ఏడుపు నిజమే. కాని ఆ స్టేషనులో చేపల బుట్టల మీద వేసే మంచుగడ్డలు ఎప్పుడూ ఉండేవి, అడిగితే రైల్వేవాడి శవానికి కాదనేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన అడగలేదు. ఆ సంగతి అమ్మకు తెలిసినా, చచ్చేదాకా ఆయన్ని బావగారూ అనే పిలిచింది.

ఇంతవరకూ దెబ్బ కొట్టింది అయినవాళ్ళు. తర్వాతి దెబ్బ గుడి నుంచి వచ్చింది. మేమంతా తాత అని పిలిచే సంఘపెద్ద ఉండేవాడు, తెల్లటి పంచె, మడత నలగని కండువా, మాట తిరుగులేనిది. అమ్మ ఆయన దగ్గరకు వెళ్ళి, నాన్నకు గుళ్ళో ఒక ప్రార్థన పెట్టించమని అడిగింది. నేను ఆమె కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆయన కసురుకోలేదు, చాలా నెమ్మదిగా, ఒక లెక్క చెబుతున్నట్టు చెప్పాడు.

“దేహం ఇత్తనం లాంటిదమ్మా. మట్టిలో పెడితే ఆ రోజున లెగుస్తాది. వేపిన గింజ మొలుస్తాదేటి?”

అమ్మ వ్యవసాయపు ఇంట్లో పుట్టింది. వేపిన గింజ సంగతి ఆమెకు ఎవరూ విడమరచి చెప్పక్కరలేదు. దణ్ణం పెట్టి వచ్చేసింది. తర్వాత డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో ఆమెకు గిన్నెలు తోమే ఉద్యోగం ఇచ్చారు. ఇంటి దగ్గరా గిన్నెలే, అక్కడా గిన్నెలే. గింజలు వేపడం మాత్రం మా ఇంట్లో ఆగిపోయింది. పల్లీలైనా సరే ఉడకబెట్టి పెట్టేది.

మన సంఘాల్లో ఈస్టరు ఎలా జరిగేదో గుర్తుందా మీకు? శనివారమే ఇంటింటివాళ్ళూ సున్నం బకెట్లు, కుంచెలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళి తమ తమ సమాధులకు వెల్ల వేసుకునేవాళ్ళు. ఆదివారం తెల్లవారుజామున బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టి, సూర్యుడు పైకొచ్చే వేళకు అందరూ గొంతెత్తి లేచాడు లేచాడు అని పాడేవాళ్ళు. చిన్నపిల్లలకు కూడా ఏడుపు రాని శ్మశానం అదొక్కటే. నాన్న పోయిన మరుసటి ఈస్టరుకు, వెల్ల వేయడానికి ఏమీ లేని మనిషి కాబట్టి, అమ్మ గేటు దగ్గరే నిలబడి పాడింది. ఆ పైయేడు మాత్రం గోల్ బజార్ నుంచి సున్నం కొనుక్కొచ్చి, ఓ మూల తుప్పల్లో కూరుకుపోయిన సమాధి ఒకటి చూసుకుని శుభ్రం చేసింది. తెల్లవాళ్ళ కాలంలో పోయిన ఇంజను డ్రైవరుదట, పేరు అరిగిపోయింది, అడిగే నాథుడు లేడు. దానికి వెల్ల వేసి, కొవ్వొత్తి వెలిగించి, పక్కన కూర్చుని ఇంటి కబుర్లన్నీ చెప్పుకునేది. అలా నాలుగేళ్ళు.

ఆడవాళ్ళు ఊరుకుంటారా? వితంతువు ఇంజను దొరను కట్టుకుందని నవ్వుకునేవాళ్ళు. ఈ ఏడు దొరగారికి కొత్త చొక్కా కుట్టించలేదా అని అమ్మ మొహం మీదే అడిగిందొకావిడ. ఆ నవ్వులు అమ్మను ఏం చేశాయో తెలియదు గాని నన్ను మాత్రం కాల్చేసేవి. నాకు పదిహేనేళ్ళు, ఇంగ్లీషు మీడియం, నోటిదురుసు పుట్టుకతో వచ్చింది. ఆ ఏడు ఈస్టరు తెల్లవారుజామున, సంఘమంతా చుట్టూ ఉండగా, అమ్మ వంగి కొవ్వొత్తి వెలిగిస్తుంటే, అందరికీ వినపడేలాగే అన్నాను.

“అందులో ఉన్నది నాన్న కాదమ్మా. నాన్న బూడిదైపోనాడు. మరింక లెగడు.”

కావాలనే అన్నాను. నోరు జారిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, అది అబద్ధం. ఆ నవ్వే ఆడవాళ్ళ వైపు నేను చేరిపోవాలి, అంతే. అమ్మ కొవ్వొత్తి వెలిగించడం పూర్తి చేసింది, చెయ్యి అడ్డం పెట్టి గాలికి ఆరకుండా చూసింది, లేచి కొంగు దులుపుకుంది. సంఘపెద్ద నా తల నిమిరి, పిల్లకు వాక్యం బాగా తెలుసన్నాడు. నాకు గర్వంగా అనిపించింది కూడా.

ఆ తర్వాత అమ్మ సమాధుల తోటకు ఎప్పుడూ రాలేదు. ఈస్టరు నాడు సంఘమంతా అటు వెళుతుంటే ఆమె ఒక్కతే కొంగులో ఒక కొవ్వొత్తి దాచుకుని అర్పా వైపు నడిచేది. ఇసుకలో దాన్ని గుచ్చి వెలిగించి, నీళ్ళ వైపు చూస్తూ అదే పాట పాడుకునేదని చాకలివాళ్ళు చెప్పారు. నేను ఒక్కసారీ తోడు వెళ్ళలేదు. మొదట్లో సిగ్గు, తర్వాత రైల్వే ఆఫీసులో నా గుమాస్తా ఉద్యోగం, పెళ్ళి, కూతురు, కారణాలు కరువా?

చివరికి మంచాన పడి నా క్వార్టరుకే వచ్చింది. ఓ మధ్యాహ్నం జావ తాగిస్తుంటే గ్లాసు పక్కకు తోసి, నా మణికట్టు పట్టుకుంది.

“నన్ను కూడా కాల్చీసి ఆ అర్పాలోనే కలిపీ. మీ నాన్నను లేపలేని దేవుడు నన్నొక్కదాన్నీ లేపితే, లేచి నేనేటి సేస్తాను?”

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అన్నేళ్ళూ ఆమె నమ్మకం పోగొట్టుకుని నది ఒడ్డుకు వెళ్ళలేదు, మా అందరికంటే ఎక్కువ నమ్మి వెళ్ళింది. ఆ దేవుడి చేతనవుతుందో కాదో తన ఒంటి మీదే తేల్చుకుందామని పందెం కాసింది. మాట ఇచ్చాను. మణికట్టు వదిలి జావ తాగింది.

రెండు వారాలకు పోయింది. ఎనభై దాటినా కుర్చీ వదలని ఆ సంఘపెద్దే కబురు పంపాడు: దహనమైతే పాస్టరు రాడు, గంట మోగదు, సంఘం పుస్తకంలోంచి ఆ కుటుంబం పేరు తీసేస్తారు. నెల తిరిగితే ఆ గుళ్ళోనే నా కూతురి పెళ్ళి. మా ఆయన, అత్తయ్య అడిగినట్టే చేద్దాం, పెళ్ళి ఇంకెక్కడైనా చేసుకోవచ్చన్నాడు. నేనే ఒప్పుకోలేదు. పోయినవాళ్ళకు ఏం తెలుస్తుందన్నాను. ఇన్నేళ్ళ ఈస్టరు పాటలు పాడిన నోటితోనే అన్నాను.

తోటలో ఖాళీ అప్పటికే తక్కువ. గొయ్యి తవ్వేవాళ్ళు చూసి చూసి ఓ మూల చోటుందని చెప్పారు, ఆ ఇంజను డ్రైవరు సమాధికి ఆనుకుని. ఎవరో వెనకాల కిసుక్కున నవ్వారు, ఆ తరం ఆడవాళ్ళలో ఇంకా కొందరు బతికే ఉన్నారు. గంట బ్రహ్మాండంగా మోగింది. నా కూతురి పెళ్ళి కూడా అంత బాగానే జరిగింది. అప్పటి నుంచి పాతికేళ్ళుగా ఏటా ఈస్టరు ముందు శనివారం సున్నం బకెట్టు పట్టుకెళ్ళి అమ్మకు వెల్ల వేస్తున్నాను, మిగిలిన సున్నం పక్కనున్న దొరకు.

ఇన్నేళ్ళూ నాకొక ఏర్పాటు ఉండేది. అమ్మకు రెండో పక్క కాస్త జాగా ఉంది, నన్ను అక్కడ పెట్టమని చెబుదామనుకున్నాను, ఆ రోజున ఆమె లేచి నాన్న కోసం అటూ ఇటూ చూసినప్పుడు, మొదట కనబడేది నేనవ్వాలని, మొదటి తిట్టు నేనే పడాలని. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి చూస్తే ఆ జాగాలో ఎవరిదో కొత్త గ్రానైటు రాయి మెరుస్తోంది. ఇంటికొచ్చి కూతురితో, అయితే నన్ను దహనం చేసి అర్పాలో కలిపెయ్యండి అన్నాను. అది కూర తరుగుతూ తల కూడా ఎత్తకుండా, అచ్ఛా మమ్మీ, జైసా ఆప్ బోలో అంది, నువ్వెలా చెబితే అలాగే అని. మా అమ్మ నా మణికట్టు పట్టుకుని అడిగినా దొరకనిది నాకు ఉల్లిపాయల మధ్య దొరికేసింది. నేను నాన్న దగ్గరకు వెళతాను. అమ్మ దొర పక్కనే ఉండిపోతుంది.

షెడ్డు సైరను లేదు, బొగ్గు నుసి లేదు, పెంకుల క్వార్టర్లు పడగొట్టారు. మా మనవరాలు తెలుగు పాటలు హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది. అర్పాలో ఈ రోజుల్లో వానాకాలం దాటితే బూడిద కలిపేపాటి నీళ్ళు కూడా ఉండవు. వేపిన గింజ సంగతి చెప్పిన పెద్దమనిషి పాలరాతి కింద హాయిగా ఉన్నాడు, ఆయన చెప్పింది తప్పు అని ఓ కుర్ర పాస్టరు ప్రకటనల మధ్యలో అరనిమిషంలో తేల్చేశాడు. క్రీస్తు లేచాడో లేదో వాదించే చదువు నాకు లేదు. ఆయన లేచి ఉంటేనే యార్డులో నలిగినవాడు, నదిలో కలిసినవాడు పూర్తిగా లేస్తాడు, నేను విడదీసిన ఇద్దరూ నాతో పని లేకుండా కలుసుకుంటారు. లేవకపోతే మాత్రం మా అమ్మ బతుకు మీద ఆఖరి మాట ఆ సంఘపెద్దదీ, నాదీ. రేపు శనివారం. సున్నం నానబెట్టాను.