కంపెనీ అట్టలో లోకల్ బెల్టు

కోత మిషన్‌కు చిన్నవీ పెద్దవీ కలిపి చాలా బెల్టులు ఉంటాయి. ఇంజను బలాన్ని వరి కోసే భాగానికీ, నూర్చే భాగానికీ అందించే పెద్ద బెల్టు మాత్రం ఒకటే. అది తెగితే మిగతావన్నీ బాగున్నా మిషన్ మడిలో నిలబడిపోతుంది. ఆ బెల్టు కంపెనీది కొనాలా, సగం ధరకు దొరికే లోకల్‌ది కొనాలా అని బాన్సువాడ చుట్టుపక్కల మిషన్ ఉన్న ప్రతివాడూ సీజన్‌కు ముందు ఆలోచిస్తాడు. నన్నూ అడుగుతుంటారు. నేను జవాబు చెప్తాను. ఆ జవాబు ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం బాన్సువాడలో ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు.

మాది పటేళ్ల ఇల్లు. బీర్కూర్ పోయే దారిలో ఒక కాలువ తూముకు ఇప్పటికీ మా ఇంటి పేరే ఉంది. రైతులు నీళ్ల వంతు మాట్లాడుకునేటప్పుడు ఆ పేరే వాడతారు. దాని కింద మాకు ఒక్క గుంట నేల కూడా మిగల్లేదు. కొంత అన్నదమ్ముల కోర్టు తగాదాల్లో పోయింది, కొంత మా నాన్న పట్టుదలల్లో పోయింది. ఆఖరున ఉన్న రెండెకరాలు అమ్మి నేను ఒక పాత కోత మిషన్ కొన్నాను. కిరాయికి తిప్పి బతకడం మా ఇంట్లో అంతకుముందు లేదు. కిరాయి అనే మాట నా నోటికి వచ్చేది కాదు. రైతులు ఫోన్ చేస్తే, 'మిషన్ పంపిస్త' అనేవాణ్ని, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

మిషన్ నడిపేవాడు డోంగ్లి వైపు మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద. ఇంజను చప్పుడులో తేడా వస్తే భోజనం మధ్యలో లేచి వెళ్లేవాడు. నాకు మిషన్ గురించి తెలిసినదంతా ఆయన దగ్గర విన్నదే.

ఆ యాసంగి కోతలకు ముందు ఆయనే చెప్పాడు. "పెద్ద బెల్టు పనైపోయింది పటేలా. మార్చాలె."

బాన్సువాడలో నేను వెళ్లిన దుకాణం యజమాని తండ్రి ఒకప్పుడు మా ఇంట్లో జీతం ఉన్నవాడు. కొడుకు పైకి వచ్చాడు. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశాడు.

"కూసోండ్రి పటేలా, చాయ్ చెప్తా. బెల్టా? ఏది ఇయ్యాలె, కంపెనీదా, లోకల్‌దా? గీ నడుమ అందరు లోకల్‌దే కొంటపోతుండ్రు. ఒక సీజన్ ఎల్లుతది."

నా జేబులో ఉన్నది లోకల్‌దానికే సరిపోతుంది. ఆ మాట అనడానికే వెళ్లాను. కానీ దుకాణంలో మరో నలుగురు ఉన్నారు.

"మా ఇంట్ల ఎన్నడన్న లోకల్ మాల్ చూసినవా నువ్వు?" అన్నాను.

"లే పటేలా. అడుగాలె గద అని అడిగిన."

వెనక నుంచి ఒకాయన, "పటేల్ ఇంట్ల గొడ్డలి కామ కూడా కంపెనీదే ఉంటది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టి, ధర కనుక్కుందామనే వచ్చానని చెప్పి, చాయ్ తాగి బయటపడ్డాను.

మర్నాడు బస్సెక్కి బోధన్ వెళ్లాను. అక్కడ నన్ను ఎవరూ పటేలా అనరు. లోకల్ బెల్టు కొన్నాను. దాంట్లో తప్పేమీ లేదు. చేతిలో ఉన్నంతలో కొనుక్కోవడం అందరూ చేసే పనే. తప్పు ఇంటికి వచ్చాక మొదలైంది. పాత బెల్టు వచ్చిన కంపెనీ అట్ట తొడుగు అటక మీద ఉంది. కొత్త బెల్టుకున్న అట్ట తీసి పొయ్యిలో వేసి, దానికి ఈ అట్ట తొడిగాను. బెల్టు మీద అచ్చు వేసిన అక్షరాలను పెట్రోలు గుడ్డతో తుడిచాను. నలభై ఐదేళ్ల మనిషిని, తలుపు గడియ వేసుకుని ఈ పని చేశాను.

డ్రైవర్ అట్ట చూశాడు, నా ముఖం చూశాడు. బెల్టును అంత పరీక్షగా చూడలేదు. బిగించడం అయ్యాక పాతదాన్ని చుట్ట చుట్టి, "సీటు కింద పెడ్త పటేలా. పాడైనా ఒక పూట అక్కరకొస్తది," అన్నాడు.

రెండూ ఒకచోట ఉంటే మందంలో తేడా తెలిసిపోతుందని నాకు భయం. "కంపెనీది ఏసినంక ఆ చెత్త ఎందుకు," అని పాతదాన్ని ఇంటికి తెచ్చేశాను. ఆ సాయంత్రమే పాత సామాన్ల బండివాడికి ఇచ్చేశాను.

రెండు రోజులు మిషన్ బాగానే నడిచింది. మూడో రోజు బీర్కూర్ దగ్గర ఒక క్యాంపులో కోత. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల క్యాంపు అది. పొలం మూడెకరాలు. భర్త మంచాన పడినప్పటి నుంచి వ్యవసాయమంతా ఆ ఇంటి ఇల్లాలే చూసుకుంటోంది. ఏడాది తిండి, మందులు అన్నీ ఆ మూడెకరాల మీదే. వారం నుంచి ఆమె తన వంతు కోసం ఎదురుచూస్తోంది. నేను వెళ్లేసరికి పడమర మబ్బు పట్టి ఉంది.

"చూశారా పటేల్ గారూ? వాన లోపల అయిపోద్దా?"

"మూడు నాలుగు గంటల పని అమ్మా. కొత్త బెల్టేసి తెచ్చిన. కంపెనీది."

బెల్టు గురించి ఆమె అడగలేదు. నేనే చెప్పాను.

ఒక ఎకరం అయ్యాక కాలిన రబ్బరు వాసన వచ్చింది. డ్రైవర్ మిషన్ ఆపి దిగాడు. బెల్టు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"జారుతుంది పటేలా. కంపెనీది గింత జల్ది జారది. నేనే లూజ్ పెట్టినట్టున్న. గట్టిగ బిగిస్త, కంపెనీది గదా, ఆగుతది."

చెప్పడానికి నాకు అప్పుడు కావలసినంత వ్యవధి ఉంది. ఆయన పెట్టెలో వెతికి పానా తెచ్చాడు. నట్లు వదులు చేశాడు. పుల్లీని జరిపాడు. మళ్లీ బిగించాడు. అంతసేపూ నేను గట్టు మీద నిలబడి మబ్బు వైపు చూస్తూ ఉన్నాను.

మళ్లీ మొదలుపెట్టాక రెండో చాలు సగంలో బెల్టు పెద్ద చప్పుడుతో తెగింది.

ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మళ్లలోంచి వచ్చింది. "ఏమైందయ్యా?"

"బెల్టు తెగింది అమ్మా," అన్నాడు డ్రైవర్.

"కొత్తదన్నారుగా. కొత్త బెల్టు ఇట్టే తెగిందంటే తప్పు బెల్టుదా, బిగించినోడిదా? చేతకానప్పుడు మిషనెక్కడం దేనికి? మేకలు కాసుకోకపోయావా?"

"నాదే కావచ్చు అమ్మా," అన్నాడాయన. నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. యజమాని కదా, తన తరఫున ఒక మాట అంటాడని చూశాడు.

నేను అన్న మాట ఇది: "చూసి బిగించాలె గద."

ఇప్పటికి ఎన్నోసార్లు ఆ మాటను లోపల మళ్లీ విన్నాను. ఆ సీజన్‌లో నేను చేసిన పనులన్నింటిలో అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది. అట్ట మార్చినప్పుడు కనీసం భయపడ్డాను. ఆ మాట అన్నప్పుడు భయం కూడా లేదు, సులువుగా వచ్చేసింది. మా ఇంట్లో తరతరాలుగా జీతగాళ్లతో మాట్లాడిన గొంతే అది.

ఆయన తెగిన బెల్టును భుజాన వేసుకుని, బండి మీద బాన్సువాడ వెళ్లాడు. వెళ్లిన కాసేపటికి గాలి లేచింది. ఆమె కోసిన వడ్ల మీద పట్టా కప్పుతుంటే ఒక కొస నేను పట్టుకున్నాను. నేను సాయం చేస్తున్నందుకు ఆమె ఒకసారి తలూపింది. తర్వాత వాన. నిలబడి ఉన్న రెండెకరాల వరి మా కళ్ల ముందే ఒక పక్కకు వాలి, నీళ్లలో పడుకుంది. ఆమె పట్టా పక్కనే చేతులు కట్టుకుని తడుస్తూ నిలబడి చూసింది.

డ్రైవర్ తడిసి వచ్చాడు. చేతిలో అరువుకు తెచ్చిన కొత్త బెల్టు ఉంది. నన్ను మిషన్ వెనక్కి పిలిచి గొంతు తగ్గించాడు.

"దుకాణంల తెగిన ముక్క చూపిచ్చిన. గిది కంపెనీది కాదు, లోపల దారం సూడు అన్నడు. పటేల్ మా కాడ కొననే లేదు అన్నడు."

నేను ఆయన చేతిలోని బెల్టు అందుకున్నాను.

"లోకల్‌దైతే లోకల్‌దాయె పటేలా. నేను ఎన్ని లోకల్‌వి నడపలే? మొదటి నాలుగు రోజులు గంటకోపాలి దిగి సూస్తం. మెల్లగ తోల్తం. గింత గట్టిగ బిగించం. పాతది సీటు కిందనే ఉంచుతం. ఎట్లనో సీజన్ ఎల్లదీస్తం. బిగించినప్పుడు వాసన వేరే కొట్టింది, పటేల్ చెప్పిండు గద అని ఊకున్న. ఒక్క మాట చెప్తే అయిపోయేది."

నేను అడిగిన ప్రశ్న రాయడానికి సిగ్గుగా ఉంది. "ఆమెకు చెప్పినవా?"

"నేనెందుకు చెప్త. అది మీ ఇంటి ముచ్చట."

పడిపోయిన వరిని నాలుగు రోజుల తర్వాత కోశాం. చాలా గింజ రాలిపోయింది, మిగిలింది రంగు మారింది. ఆ పొలం అయ్యే దాకా ఉండి ఆయన మానేశాడు. "ఇగ నేను రాను పటేలా. మనసు పడుతలేదు," అన్నాడు, అంతే. మహమ్మద్ నగర్‌లో ఇంకొకరి మిషన్ మీద చేరాడని తెలిసింది.

క్యాంపులో మాత్రం కథ వేరుగా స్థిరపడింది. పటేల్ మిషన్ మంచిదే, మంచి బెల్టే వేశాడు, నడిపేవాడే పాడు చేశాడు. దారిలో కనపడ్డవాళ్లు, "డ్రైవర్ని మార్చి మంచి పని చేశారు," అనేవాళ్లు. నేను తలూపేవాణ్ని.

బెల్టుల గురించి అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఆ రోజు వానలో నేర్చుకున్నదే. తెగితే అరగంట పని ఆగే చోట, పంపుసెట్టుకో గడ్డి కోసే మిషన్‌కో, తక్కువది వేసుకోవచ్చు. తెగితే పంట పోయే చోట వద్దు. గతి లేక అక్కడే వేయాల్సి వస్తే, నడిపేవాడికి చెప్పి వేయాలి. ఈ చివరి మాట దగ్గర నేను ఎప్పుడూ గబగబా ముగించేస్తాను.

మరుసటి యాసంగికి ఆమె ఫోన్ చేసింది.

"పటేల్ గారూ, మీ మిషన్ ఎప్పుడొస్తది? మహమ్మద్ నగర్ మిషన్ ముందే వస్తామన్నారు గానీ, దాని మీద ఆ పాత డ్రైవరే ఉన్నాడంట. నేను వద్దన్నాను. క్యాంపులో అందరం వద్దన్నాం. వాళ్ల ఓనరు కూడా ఆయన్ని తీసేసేట్టే ఉన్నాడు."

ఎల్లుండి చెప్తానన్నాను. ఆ ఎల్లుండి నేనే బయల్దేరాను. క్యాంపుకు వెళ్తూ బస్సులో ఒక కథ కూడా తయారు చేసుకున్నాను: బోధన్ దుకాణంవాడు కంపెనీదని చెప్పి నన్ను మోసం చేశాడని. వినడానికి బాగానే ఉంది. డ్రైవర్ పేరు నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. బస్సు దిగే వరకు అదే చెప్పాలనుకున్నాను.

ఆమె వాకిట్లో మినుములు చెరుగుతోంది. కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే చెప్పాను. బోధన్, అట్ట, పెట్రోలు గుడ్డ, పాత బెల్టును పారేయడం, అన్నీ. చెప్తుంటే ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"అంటే ఆ రోజు నేను ఆయన్ని అన్ని మాటలంటుంటే మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్న."

"మీరూ ఒక మాటన్నారు."

"అన్న."

ఆమె చేట కింద పెట్టింది. "ఆయన నంబరు మీ దగ్గరుందా? కలపండి. స్పీకర్ పెట్టండి."

కలిపాను. వెనక ఇంజను చప్పుడు వినిపించింది. "పటేలా, బాగున్నరా? మిషన్ గిట్ల ఆగిందా ఏంది?"

"లేదు. ఆ బెల్టు ముచ్చట క్యాంపుల అమ్మకు చెప్పిన."

ఇంజను ఆగింది. "ఇప్పుడెందుకు పటేలా," అన్నాడు.

"వీళ్లు నిన్ను వద్దన్నరంట. నాకు మొన్ననే ఎరుకైంది."

"నాకు ఎప్పుడో ఎరుకే," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను నిలబడగలిగేవాణ్ని.

ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "ఏవయ్యా, నేను అన్న మాటలు తప్పు. మనసులో పెట్టుకోకు. మూడెకరాలుంది, ఎప్పుడొస్తావు?"

"ఎల్లుండి పొద్దుగాల వస్త అమ్మా. మడి ఆరిందా? పోయిన యాసంగి లెక్క మిషన్ దిగబడొద్దు."

ఇద్దరూ మడి తడి గురించి, మిషన్ ఏ గట్టు మీదుగా దింపాలనే దాని గురించి మాట్లాడుకున్నారు. నా ఫోన్ కోసం నేను పక్కన నిలబడి ఉన్నాను. మాటలయ్యాక ఆమె ఫోన్ తిరిగి ఇచ్చింది.

"క్యాంపులో మిగతావాళ్లకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్త."

"అయితే ఈ ఇళ్ల వరసలోనే మొదలెట్టండి," అని చేట తీసుకుంది.

పక్కింటాయన గేటు ముందు ట్రాక్టర్ కడుగుతున్నాడు. నన్ను చూసి పైపు పక్కన పడేసి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "రండి పటేల్ గారూ, మిషన్ గురించేనా?" అన్నాడు.

"మిషన్ గురించే," అన్నాను.