కన్నియమ్మ కైరాసి

సుందరరాజులు కంప్యూటరు కట్టాడు. మేడ కట్టినవాడికి కూడా అంత గర్వం ఉండదు. 1988లో తిరుత్తణి నేతగాళ్ళ వీధిలో టీవీ ఉన్న ఇళ్ళనే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఈయన ఇంట్లో ఏకంగా కంప్యూటరు. అతను ఆవడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. శనివారాలు మద్రాసు వెళ్ళి, పాత సామాన్ల కొట్లలో ఒక్కో భాగమూ ఏరి తెచ్చి, ఏడాదిన్నర కుస్తీపట్టి రేకుపెట్టెలో బిగించాడు. తండ్రి ఇచ్చిన మగ్గాన్ని తాను వదిలేసి ఉద్యోగానికి పోయినందుకు వీధివాళ్ళు తనను తక్కువగా చూస్తున్నారని అతని అనుమానం. ఆ పెట్టె వెలిగిననాడు వాళ్ళందరినీ పిలిచి చూపించాలని పంతం పట్టాడు.

భార్య కన్నియమ్మ మాత్రం మగ్గం వదల్లేదు. ఆమెకు కైరాసి ఉందని వీధంతా నమ్మకం. తక్కినచోట్ల హస్తవాసి అంటారే, అదే ఇక్కడ కైరాసి. ఏ ఇంట్లో కొత్త పడుగు ఎక్కించినా, పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికేటప్పుడు మొదటి ముడి కన్నియమ్మే వెయ్యాలి. ఆమె ముడివేసిన పడుగు తెగకుండా కడదాకా నేతకొస్తుందని అంటారు. తాంబూలం ఇచ్చి మరీ పిలుచుకుపోయేవారు. ఆమెకంటూ ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

కంప్యూటరు వెలిగింది కానీ నిలవలేదు. అందులో జ్ఞాపకం దాచుకునే చిప్పులు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతున్నాయి. అతనూ ఏమరుపాటుగా ఏమీ లేడు. మిగులు చిప్పులను తన పెళ్ళినాటి పట్టుపంచె ముక్కలో చుట్టి, దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. నేతగాడి ఇంట్లో పట్టుకు మించిన శుభ్రమైన గుడ్డ ఏముంటుంది? ఒక్క వింత మాత్రం గమనించాడు. శుక్రవారం సాయంత్రం బిగించిన చిప్పులు బతికేవి, తక్కిన రోజుల్లో బిగించినవి చచ్చేవి. అమ్మవారి రోజు కదా, మంచి ఘడియ అనుకుని లెంపలేసుకున్నాడు. పదహారేళ్ళుగా కరెంటు పని చేస్తున్న మనిషి!

ఒకనాడు కన్నియమ్మ కండె చుట్టుకుంటూ మెల్లగా అంది.

"మాసి నెల వచ్చి గాలి ఎండిపోతే పాలిస్టరు దారం లేచి నిలబడుతుంది మామా. చేతికి అతుక్కుంటుంది, ఒగోసారి చురుక్కుమంటుంది. మేము కింద నీళ్ళు చల్లుకుంటాము. నీ దానికీ అట్లాంటిదేమన్నా ఉండాదేమో చూడు."

అతను పకపకా నవ్వాడు. "ఇది ఎలక్ట్రానిక్స్. దారపుండ అనుకున్నావా?"

ఆమె ఇంకో కండె అందుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పదిమందిని పిలిచాడు. ఇల్లు పట్టక కొందరు వీధరుగు మీదే నిలబడ్డారు. సుందరరాజులు టెరిలిన్ చొక్కా తొడుక్కుని, ప్లాస్టిక్ వైరు కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. తెర మీద ఊరి పేరు ఇంగ్లీషులో వచ్చేసరికి, నాలుగు మగ్గాల ఇంటి పెద్దావిడ చెంగమ్మ ముక్కున వేలేసుకుంది. ఇక అతనికి పట్టపగ్గాలు లేవు. కుర్చీలోంచి లేచి, పెట్టె మూత తీసి, "దీని బుర్ర ఇక్కడ ఉండాది" అంటూ చిప్పు మీద వేలుపెట్టి చూపించాడు. అదే సమయానికి కన్నియమ్మ కాఫీ పళ్ళెం పెట్టడానికి చోటు లేక పెట్టెను చేత్తో కాస్త పక్కకు జరిపింది. తెర మీద పిచ్చిగీతలు వచ్చాయి. ఆపి మళ్ళీ వేస్తే అవీ రాలేదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. సుందరరాజులుకు తల కొట్టేసినట్టయింది. ఆ క్షణంలో నేరం మోపడానికి ఎవరో ఒకరు కావలసి వచ్చారు, భార్య పక్కనే ఉంది.

"నిన్నెవురు ముట్టుకోమనింది? నీ చెయ్యి పడినాకే ఇది చచ్చింది. ఊరికంతా కైరాసి అంట. నా ఇంట్లో నువ్వు ముట్టిందల్లా పాడే."

అరుగు మీదివాళ్ళకు కూడా వినపడింది. కన్నియమ్మ పళ్ళెం కిందపెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు వారాల తర్వాత చెంగమ్మ ఇంట్లో కొత్త పడుగు ఎక్కించారు. ఆ పొద్దున కన్నియమ్మ తలంటుకుని, మంచి చీర కట్టుకుని గడప దగ్గర కూర్చుంది. పిలుపు రాలేదు. చెంగమ్మ కోడలు వీళ్ళ గుమ్మం దాటుకుంటూ పోయి ఎదురింటి తాయమ్మను పిలుచుకుపోయింది. కన్నియమ్మ లేచి, పాత చీర కట్టుకుని మగ్గం గుంటలో దిగింది. సుందరరాజులు పేపరు అడ్డం పెట్టుకుని అంతా చూశాడు. పేపరు దించడానికి ధైర్యం చాలలేదు. ఆ నెలలో మరో రెండిళ్ళవాళ్ళూ తాయమ్మనే పిలిచారు.

సంగతి బయటపడింది రైల్లో. ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే ఏళుమలై రోజూ కడంబత్తూరులో ఎక్కేవాడు. సుందరరాజులు చిప్పుల గోడు చెప్పుకుంటే, అతను డాక్టరు లాగా ఒక్కొక్కటే అడిగాడు. ఏ చొక్కా? ఏ కుర్చీ? చిప్పులు యాడ పెడతావు?

"పట్టుగుడ్డలోనా?" అని ఏళుమలై పడీపడీ నవ్వాడు. "అన్నా, పట్టు, టెరిలిను, ఆ వైరు కుర్చీ, మూడూ రాపిడికి కరెంటు పుట్టించేవే. అది నీ ఒంట్లో చేరి ఉంటుంది, వేలు పెట్టినావంటే చిప్పులోకి దుముకుతుంది. మనకు తెలియనుకూడా తెలియదు, దాని ప్రాణం పోతుంది. కాటన్ బనీను వేసుకో. చిప్పులు సిగరెట్టు పెట్టె వెండికాయితంలో చుట్టు. చేతికి ఎర్తు వైరు కట్టుకో, మధ్యలో పెద్ద రెసిస్టరు మరిచిపోవద్దు. గాలి ఎండిపోకుండా నేల తడిగా పెట్టుకో, సరిపోతుంది."

నేల తడిగా! తిరువళ్ళూరు దాటేలోగా సుందరరాజులుకు లెక్క తేలిపోయింది. శుక్రవారం శుక్రవారం ఇల్లు కడిగేది ఎవరు? తన చిప్పులను బతికించింది అమ్మవారూ కాదు, ఘడియా కాదు. భార్య చెయ్యే. పైగా ఆమె విడమరిచి చెప్పింది కూడా, తాను నవ్వాడు. రైలు దిగి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

మరుసటి ఆదివారం ఏళుమలై చెప్పినట్టే చేశాడు. కంప్యూటరు సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. చూస్తుంటే సంతోషం రాలేదు. పెరట్లోకి వెళ్ళి, "తప్పు నాదే కన్నీ" అన్నాడు. ఆమె "సరి" అని కండె చుట్టుకుంటూనే ఉంది.

చెంగమ్మ దగ్గరకు వెళ్ళి, ఎవరూ లేనిది చూసి గుసగుసగా విషయం చెప్పాడు. ఆమె చెవి ఒగ్గి విని, తల అడ్డంగా ఊపింది.

"అనేటప్పుడు అరుగు దాకా వినపడేటట్టు అన్నావే నాయనా. ఇప్పుడు నా చెవిలో చెప్తే ఏమి లాభం? బేస్తవారం మా రెండో మగ్గానికి పడుగు ఎక్కిస్తాండాము. అందరూ ఉంటారు. వచ్చి ఆడ చెప్పు."

ఆ గురువారం లీవు పెట్టి వెళ్ళాడు. పడుగు చుట్టూ పన్నెండు మంది ఉన్నారు. టెరిలిను చొక్కా, వైరు కుర్చీ, రాపిడి కరెంటు అన్నీ తడబడుతూ చెప్పాడు. ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

"దారం లేచి నిలబడేది, అదే కదా?" అన్నాడు మూలన కూర్చున్న చౌడయ్య. "మగ్గం ముందర కూర్చునే పసిబిడ్డకు కూడా తెలుసునే. నువ్వు యాడ పుట్టినావప్పా?"

మగ్గం ఇంట్లోనే పుట్టాడు. తల వంచుకుని, "నా ఇంటిదాని చేతిలో ఏ దోషమూ లేదు. దోషం నాది. నేనే అబద్ధమాడినాను" అన్నాడు.

చెంగమ్మ తనే తాంబూలం పట్టుకుని కదిలింది. కన్నియమ్మ కట్టుకున్న పాత చీరతోనే వచ్చింది. వేళ్ళు తడిచేసుకుని, మొదటి పోగు అందుకుని ముడివేసింది. సుందరరాజులు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ఇంటికి నడుస్తుంటే అతనికి గుండె కాస్త తేలికపడింది. "పోనీలే, నీ చెయ్యి మంచిదని ఇప్పుడు అందరికీ తెలిసింది" అన్నాడు.

"వాళ్ళకు ముందునించీ తెలుసు మామా" అంది కన్నియమ్మ, ఆగకుండా నడుస్తూనే. "ఇంకెవురన్నా ఆ మాట అనుంటే కొట్టిపారేసుందురు. పదకొండేళ్ళు నా చేతి కూడు తిన్నోడివి, నువ్వే చెప్తే నమ్మకుండా ఎట్లుంటారు?"