ఇంత దిగింది

నా బ్లాగు ఎంతమంది చదువుతారని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. పేజీ అడుగున ఒక కౌంటర్ పెట్టుకున్నాను. అందులో అంకె రోజూ పెరుగుతుంది. పెంచేది నేనే. అక్షరాల సైజు మార్చి ఎట్లుందోనని తెరిచి చూస్తాను, ఒకటి. నచ్చక మళ్లీ మారుస్తాను, ఇంకొకటి. ఒక ఆదివారం పైపట్టీ రంగు కుదరక పొద్దస్తమానం తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. ఆ రోజు కౌంటర్ చూసినవాడు కదిరి తేరుకు వచ్చినంత జనం వచ్చారనుకోవాలి. వచ్చింది నేనొక్కణ్నే.

కదిరిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాను నేను. మా ఊరు తనకల్లు వైపు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తాను. మాకున్నది ఎర్రనేల. రెండుసార్లు బోరు వేయించి దుమ్ము కళ్లజూశాక మూడోసారి వేసే ధైర్యం రాలేదు. వాన పడితే శెనక్కాయ, లేకపోతే లేదు. చేను చూసుకునేది నాయన, బ్లాగు చూసుకునేది నేను. "ఇల్లలకగానే పండగైతాదా? నువ్వు రాసేది తక్కువ, అలికేది ఎక్కువ," అని నా భార్య ఎత్తిపొడుస్తుంది. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు.

అయినా ఒక్క పని మాత్రం ఏడేళ్లు నిజాయితీగా చేశాను. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే నాయన చేలోకి పోయి, గడ్డపారతో చిన్న గుంత తీసి, తడి ఎంత లోతుకు దిగిందో చూస్తాడు. దాన్ని మేం పదును అంటాం. విత్తాలా వద్దా అనేది ఆ పదునే చెప్పాలి. మిల్లీమీటర్ల లెక్క ఆయనకు పట్టదు. అది మండలాఫీసు దగ్గర కొలిచేది; అక్కడ కురిసిన వాన మా చేలో కురవాలని ఎక్కడా లేదు కదా. ఆయన గుంత అంచుకు చేయి ఆనించి, తడి ఆగినచోటు దాకా వేళ్లతో కొలిచి, "ఇంత దిగిండాది" అంటాడు. నేను ఆ చేతిని ఫోటో తీసి బస్సులో కూర్చుని బ్లాగులో పెట్టేవాణ్ని. పైన కార్తె పేరు, నడుమ ఫోటో, కింద ఒకే మాట: "ఇంత దిగింది." ఎన్ని వేళ్లో, బెత్తెడో, జానెడో నేను రాయలేదు. చేయి కళ్లెదుట ఉంటే ఇంక రాసేదేముంది అనుకున్నాను. వాన గురించి ఇంత పొదుపుగా రాసినవాడు ఈ చుట్టుపక్కల లేడని లోలోపల మురిసిపోయాను కూడా.

ఫోను నిండిపోయినప్పుడు, ఎట్లాగూ బ్లాగులో ఉన్నాయి కదా అని ఆ ఫోటోలు ఫోనులోంచి తీసేశాను. కొన్నాళ్లకు మెయిల్ అకౌంటులో జాగా అయిపోయిందని హెచ్చరికలు మొదలయ్యాయి. లోపలికి పోయి చూస్తే ఒక ఆల్బం నిండా నాయన చేతులే. ఇవి ఉత్త నకళ్లు, అసలువి బ్లాగులో భద్రంగా ఉన్నాయి అనుకుని మొత్తం కొట్టేశాను. బ్లాగుకు బొమ్మలు అందిస్తున్నది ఆ ఆల్బమేనని నాకు తెలియదు. ఏడేళ్లు దానికి రంగులు పూసిన మొనగాణ్ని, వెనకవైపు ఏముందో ఒక్కసారీ తొంగి చూడలేదు. కొట్టేసినవి కొన్ని రోజులు చెత్తబుట్టలో ఉండి, అక్కడినుంచి కూడా పోయాయి. ఆ రోజుల్లో నేను ముందుపేజీకి ఫాంటు మారుస్తున్నాను. పాత పేజీలు నేను తెరవలేదు, ఇంకెవరూ తెరవలేదు. ఒకే ఒక్కడు చదివి ఉన్నా "అన్నా, బొమ్మలు కనపడలేదు" అని ఒక ముక్క రాసేవాడు. నెలలు గడిచినా ఎవరూ రాయలేదు.

నిరుడు ఆరుద్ర కార్తెలో ఒక వాన పడింది. గట్టి వానా కాదు, తీసిపారేసే వానా కాదు. ఊళ్లో కొందరు విత్తడానికి గొర్రు కట్టారు, చాలామంది ఇంకో వానకు ఆగారు. మా ఇంట్లో విత్తనకాయలు ఒక్క విత్తుకే ఉన్నాయి. మొలక మాడితే మళ్లీ వేయడానికి గింజ లేదు. నాయన చేనుకు పోయి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చేతికి మట్టి అట్లే ఉంది.

"నాలుగు వేళ్లు దిగిండాదప్పా," అన్నాడు. "మూడేండ్ల కింద గూడ ఇట్లనే ఆరుద్రలో అరకొర వానకు విత్తినాం గదా, పంట చేతికొచ్చె. అప్పుడెంత దిగిండెనో నీ దాంట్లో చూసి చెప్పు. నాకు ఏండ్లన్నీ కలిసిపోతాండాయి."

చేను విషయంలో ఆయన నన్నొక మాట అడగడం అదే మొదలు. సంతోషంతో ఫోను తీశాను. ఆ ఏటి పేజీ తెరిచాను. కార్తె పేరు ఉంది. నడుమ ఒక బూడిదరంగు చదరం. దాని కింద "ఇంత దిగింది." వెనక్కి పోయి ఇంకో వాన తెరిచాను. మళ్లీ చదరమే. ఇంకొకటి, ఇంకొకటి. నేను కొట్టేసిన ఆల్బం అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమప్పా, దొరకలేదా?"

లేవు నాయనా, నేనే పోగొట్టినా అని ఉంటే సరిపోయేది. ఆయన ఇంకో వానకు ఆగేవాడు. కానీ ఇన్నేళ్లకు అడిగిన ఒకే ఒక్క మాట, దానికీ నా దగ్గర ఏమీ లేదని చెప్పడానికి సిగ్గేసింది. విత్తాలనే ఆశ ఆయన ముఖంలో కనబడుతూనే ఉంది. ఫోను జేబులో పెట్టుకుని నాలుగు వేళ్లు చాపాను.

"ఇంతే ఉండె నాయనా."

ఆయన నా వేళ్లను చూసి, తన వేళ్లను చూసుకున్నాడు. "ఐతే విత్తుదాం పా," అని లేచాడు.

మొలక బాగానే వచ్చింది. తర్వాత పునర్వసులో చినుకు లేదు. ఆకులు మధ్యాహ్నం ముడుచుకుని సాయంత్రానికి విప్పుకునేవి. కొన్నాళ్లకు సాయంత్రం కూడా విప్పుకోవడం మానేశాయి. ఆగినవాళ్లు పుష్యమి వానకు విత్తుకున్నారు, వాళ్లకు కొద్దో గొప్పో కాయ దిగింది. మా చేలోకి నాయన గొర్రెలను తోలించాడు. ఆ నెలంతా నేను పాత పేజీల్లో చదరాలు కనబడకుండా చేసే ఉపాయం వెతికాను. దొరికింది. బ్లాగు ఇప్పుడు చూడ్డానికి శుభ్రంగా ఉంది, దాన్ని చూస్తే నాకు అసహ్యం.

ఒకరోజు సాయంత్రం బస్సు దిగేసరికి టీ అంగడి దగ్గర నాయన అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. పక్కనున్న రైతు ఒకాయన ఎగతాళి చేస్తున్నాడు. "ఏమన్నా, కొడుకు ఫోను చూసి చెప్పె, నువ్వు విత్తితివంట. ఏమొచ్చె మరి?"

"వాంది తప్పేముండాది?" అన్నాడు నాయన. "వాడు ఉండేది ఉన్నెట్ల చెప్పినాడు. వాన రాకపోతే వాడేం జేస్తాడు?"

అంతకంటే నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది. అప్పుడే చెప్పేయాలనుకుని రెండడుగులు వేశాను. నాయన వెనక్కి తిరిగి నన్ను చూసి, "రాప్పా," అని బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.